కాఫీ తోటల్లో పోయిన కళ్లు: డాక్టరు రోడోల్ఫో రోబ్లెస్ జీవితం

రైతు కూలీల సంగతులు రాసే ఈ శీర్షికలో డాక్టరు కథ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ డాక్టరు కనిపెట్టిన జబ్బు బంగళాల్లో ఉండేవాళ్లకు వచ్చే జబ్బు కాదు. కాఫీ పండ్లు కోసే కూలివాళ్లకు, వాళ్ల వెంట తోటకు పోయే పిల్లలకు వచ్చే జబ్బు. ఒంట్లో పురుగు చేరి, ఆ పురుగు పిల్లలు కంట్లోకి పాకి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చూపు తినేసే జబ్బు. దక్షిణ, మధ్య అమెరికా దేశాల డాక్టర్లు దీనికి రోబ్లెస్ జబ్బు అనే పేరే పెట్టుకున్నారు. మిగతా ప్రపంచం దీన్ని ఏటి గుడ్డితనం అంటుంది. డాక్టర్ల పుస్తకాల్లో పేరు ఆంకోసెర్సియాసిస్.

గ్వాటెమాలా అనే చిన్న దేశం మెక్సికోకు దిగువన ఉంది. ఒక పక్క పసిఫిక్ సముద్రం. సముద్రం ఒడ్డున వేడి మైదానం, ఆ పైన ఏటవాలు కొండలు, ఇంకా పైన చలి పీఠభూమి. ఆ పీఠభూమిలో మాయా జాతుల ప్రజలు తరతరాలుగా మొక్కజొన్న, చిక్కుడు పండించుకుని బతుకుతున్నారు. అక్కడే కెత్సాల్తెనాంగో అనే పట్టణంలో 1878లో రోబ్లెస్ పుట్టాడు. ఆ పట్టణం కాఫీ వ్యాపారంతో అప్పుడప్పుడే బలుస్తోంది.

ఆయన పుట్టడానికి ఒక ఏడాది ముందు, 1877లో, ఆ దేశపు పాలకుడు హుస్తో రూఫినో బార్రియోస్ కూలీల చట్టం ఒకటి తెచ్చాడు. దాన్ని అర్థం చేసుకోకపోతే ఈ కథలో మిగతాది అర్థం కాదు. కాఫీకి కావలసింది నడికొండ, అంటే చలీ వేడీ సమంగా ఉండే ఏటవాలు. అక్కడ మనుషులు తక్కువ. మనుషులున్నది పైన పీఠభూమిలో, వాళ్లకు తమ మొక్కజొన్న చేను వదిలి కిందికి దిగాల్సిన అవసరం లేదు. అందుకని ప్రభుత్వమే దింపింది. ఫలానా ఊరి నుంచి ఇంతమందిని ఫలానా తోటకు పంపాలని జిల్లా అధికారి హుకుం వేస్తే ఊరు పంపి తీరాలి. రెండో దారి అప్పు. పండగకో చావుకో డబ్బు అవసరమైనప్పుడు తోట ఏజెంటు వచ్చి ముందుగా చేతిలో నాలుగు డబ్బులు పెడతాడు. ఆ బాకీ ఒక చిన్న పుస్తకంలో ఎక్కుతుంది. అది తీరేదాకా కూలి తోట దాటకూడదు, దాటితే పట్టి తెస్తారు. పాలమూరు మేస్త్రీల సంగతి తెలిసినవాళ్లకు దీని గురించి మేము విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ముఠా కట్టి ప్రాజెక్టు పనులకు తోలుకుపోవడం మన దగ్గర జరిగిందే. అక్కడ చట్టమే ఆ మేస్త్రీ వెనకాల నిలబడింది.

రోబ్లెస్ కూలి ఇంటి బిడ్డ కాడు. పారిస్ పోయి వైద్యం చదువుకోగలిగిన ఇంటివాడు. ఆ రోజుల్లో పారిస్‌లో పాశ్చర్ శిష్యుల హవా నడుస్తోంది. జబ్బుకు కారణం గాలీ కాదు, గ్రహమూ కాదు, కంటికి కనపడని జీవి అనీ, దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి తీరాలనీ అక్కడ నేర్పేవారు. ఆ పట్టుదల నేర్చుకుని ఆయన స్వదేశం వచ్చాడు. అప్పటికి దేశాన్ని ఏలుతున్నది ఎస్త్రాదా కబ్రేరా అనే నియంత. అతనిదీ కెత్సాల్తెనాంగోయే. 1898 నుంచి 1920 దాకా, ఇరవై రెండేళ్లు, నోరెత్తినవాడిని జైల్లో వేస్తూ, కాఫీ దొరలకూ అమెరికా పండ్ల కంపెనీకీ దేశాన్ని రాసిస్తూ పాలించాడు. అలాంటి కాలంలో రోబ్లెస్ చేసిన పని ఇది.

నడికొండ తోటల్లో కూలీలకు ఒక విచిత్రమైన జబ్బు ఉండేది. మొహం ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, జ్వరం వస్తుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. కొన్నాళ్లకు మొహం చర్మం దళసరిగా తయారై ఒక రకమైన ఊదారంగుకు తిరుగుతుంది. కళ్లు వెలుతురు చూడలేవు, నీళ్లు కారతాయి, మంట పుడుతుంది. చివరికి చూపు మసకబారుతుంది. తోటల్లో తలపైకెత్తి నడవలేక, చేయి అడ్డం పెట్టుకుని తడుముకుంటూ పోయేవాళ్లు ఉండేవారు. జనం దీన్ని కోస్తా వాపు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. డాక్టర్లేమో అది చర్మానికి వచ్చే మామూలు చీము జబ్బే అనుకున్నారు. వీళ్లకు తలమీద, నుదుటిమీద చింతగింజంతో ఉసిరికాయంతో గడ్డలు ఉండటం మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గడ్డ నొప్పి పెట్టదు. నొప్పి లేనిది చూపించుకోవడానికి కూలివాడు పని మానుకుని పోతాడా? మన ఊళ్లలోనూ అంతే. మంచం పడితే తప్ప ఆస్పత్రి గుర్తు రాదు, గుర్తొచ్చినా ఆ రోజు కూలి పోతుంది.

1915లో ఒక పిల్లవాడు రోబ్లెస్ దగ్గరికి వచ్చాడు. మొహం వాపు, వెలుతురు చూడలేని కళ్లు, నుదుటిమీద గడ్డ. రోబ్లెస్ ఆ గడ్డ కోసి తీశాడు. పారేయలేదు. దాన్ని చీల్చి చూశాడు. లోపల దారపుండలాగా చుట్టుకుని సన్నని తెల్లని పురుగులు ఉన్నాయి. గడ్డ తీసిన తర్వాత పిల్లవాడి మొహం వాపూ కంటి బాధా తగ్గుముఖం పట్టాయి. గడ్డ ఒకచోట, కన్ను ఒకచోట. గడ్డ తీస్తే కన్ను తేరుకోవడమేమిటి? ఈ ప్రశ్నే ఆయన్ని తోటల వెంట తిప్పింది.

ఆ పురుగు కొత్తది కాదు. ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్ అనే ప్రాంతంలో (ఈనాటి ఘనా) ఓనీల్ అనే ఇంగ్లీషు నౌకాదళ డాక్టరు 1875లో దురదతో బాధపడే వాళ్ల చర్మంలో దీని పిల్లల్ని చూశాడు. 1893లో పెద్ద పురుగుకు శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. అయితే ఆఫ్రికాలో దాన్ని చూసిన యూరపు డాక్టర్లు అది చర్మం కింద గడ్డలు వేసే పురుగు అనుకుని ఊరుకున్నారు. ఆ పురుగే కళ్లు తీస్తోందని మొదట పట్టుకున్నవాడు రోబ్లెస్. అమెరికా ఖండాల్లో ఈ జబ్బు ఉందని లోకానికి చెప్పినవాడూ ఆయనే. ఆఫ్రికా పురుగు గ్వాటెమాలా కొండల్లోకి ఎలా వచ్చిందన్న దానికి ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఇప్పుడు చెప్పే జవాబు బానిసల ఓడలు. మనుషుల్ని గొలుసులు వేసి తెచ్చినప్పుడు వాళ్ల ఒంట్లోని పురుగు కూడా సముద్రం దాటింది.

ఆ పురుగు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు మనకు తెలుసు. గడ్డలో ఉండే ఆడపురుగు మూర దాకా పొడవు పెరుగుతుంది, మగది రెండు మూడు అంగుళాలు దాటదు. పదేళ్లు, పదిహేనేళ్లు బతుకుతుంది. రోజుకు వందల కొద్దీ పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు మామూలు కంటికి కనపడవు. చర్మంలో పాకుతూ తిరుగుతాయి, నల్లగుడ్డు మీది పొరలోకీ కంటి లోపలికీ చేరతాయి. బతికున్నంతసేపు అవి చేసే హాని తక్కువే. చచ్చినప్పుడు ఆ శవాల చుట్టూ ఒళ్లు చేసే యుద్ధమే కన్ను పాడు చేస్తుంది. మచ్చలు పడతాయి, పొర తెల్లబడుతుంది. ఏటా లక్షల పిల్లలు పుడుతూ చస్తూ ఉంటే ఆ కన్ను ఎన్నాళ్లు ఆగుతుంది? గడ్డ తలమీద ఉంటే కంటికి దగ్గర కాబట్టి ప్రమాదం ఎక్కువ. గ్వాటెమాలాలో గడ్డలు ఎక్కువగా తలమీదే ఉంటాయి, ఆఫ్రికాలో నడుం కింద ఎక్కువ. దీనికి కారణం ఈగ. అక్కడి ఈగ ఒంటి పైభాగాన కుడుతుంది, ఇక్కడి ఈగ కాళ్లమీద కుడుతుంది.

ఆ ఈగ సంగతి కూడా రోబ్లెస్సే ఊహించాడు. మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ఎందుకంటే ఇక్కడ ఆయన సూక్ష్మదర్శిని పక్కన పెట్టి కొండలు చూశాడు, వాగులు చూశాడు, కూలీలు ఏ పొద్దున ఎక్కడ పనిచేస్తారో చూశాడు. జబ్బు సముద్రం ఒడ్డున లేదు. పైన చలి పీఠభూమిలోనూ లేదు. సుమారు 600 నుంచి 1200 మీటర్ల ఎత్తు మధ్య ఉన్న పట్టీలోనే ఉంది, అంటే సరిగ్గా కాఫీ పండే ఎత్తులో. యెపోకాపా, అకతెనాంగో, పొచూతా వంటి ఊళ్ల చుట్టుపక్కల. మలేరియా దోమ అయితే కింది మైదానంలో ఇంకా ఎక్కువ ఉండాలి గదా! కనుక దోమ కాదు. మరి ఆ పట్టీలోనే ఉండి, పగటిపూట పనివేళ మనిషిని కుట్టేది ఏది? చిన్న నల్ల ఈగ. గూని వీపుతో, గింజంత ఉంటుంది. అది నిలవనీటిలో పుట్టదు. రాళ్లమీద గలగలా పారే వాగు నీటిలో, ఆకులకూ రాళ్లకూ అంటుకుని దాని పురుగులు పెరుగుతాయి. ఆ వాగులు కాఫీ తోటల నడుమ నుంచే పారతాయి. రోబ్లెస్ ఈ ఈగమీదే వేలు పెట్టాడు. అది నిజమని 1926లో బ్లాక్‌లాక్ అనే డాక్టరు ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో రుజువు చేశాడు. ఈగ కడుపులోకి పోయిన పురుగు పిల్ల ఎలా ఎదిగి మళ్లీ మనిషిలోకి దిగుతుందో అతను చూపించాడు. అప్పటికి రోబ్లెస్ చెప్పి పదేళ్లు కావస్తోంది.

1917లో ఆయన తాను కనిపెట్టినది గ్వాటెమాలా వైద్య పత్రికలో అచ్చు వేశాడు. కంటి డాక్టరు రఫాయెల్ పచేకో లూనా ఆయనతో కలిసి పనిచేశాడు. రోగుల కళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, చూపు ఎలా పాడవుతోందో 1918లో అమెరికా కంటి వైద్య పత్రికలో రాశాడు. ఈ మధ్యలోనే 1917 డిసెంబరులో మొదలైన భూకంపాలు గ్వాటెమాలా నగరాన్ని నేలమట్టం చేశాయి. 1919లో రోబ్లెస్ తన పరిశోధన మొత్తం ఫ్రెంచిలో పారిస్ పత్రికకు ఇచ్చాడు. అక్కడి పెద్ద శాస్త్రజ్ఞుడు బ్రుంప్ట్ ఈ పురుగు ఆఫ్రికా పురుగు కాదు, వేరే జాతి అని దానికి గుడ్డితనం తెచ్చేది అనే అర్థంతో కొత్త పేరు పెట్టాడు. ఆఫ్రికాలో కళ్లు పోవడం వాళ్లు చూడలేదు కనుక రెండూ ఒకటి కాకూడదని తర్కం! ఆఫ్రికాలో కళ్లు పోకపోవడం కాదు, వలస దొరల డాక్టర్లు నల్లవాళ్ల కళ్లలోకి చూడకపోవడం అసలు సంగతి. 1932లో ఇస్సెట్ అనే బెల్జియం డాక్టరు కాంగోలో ఏటి ఒడ్డు ఊళ్లకు పోయి చూస్తే గుడ్డివాళ్లు గుంపులు గుంపులుగా కనిపించారు. చివరికి రెండు పురుగులూ ఒకటేనని తేలింది. గ్వాటెమాలా డాక్టరు మాట అందాకా ఎందుకు ఆగిందో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

రోబ్లెస్‌ను పోరాట యోధుడని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన డాక్టరు. అయితే ఆయన తేల్చిన సంగతికి ఆయన అనుకున్నదానికంటే పెద్ద అర్థం ఉంది. జబ్బు కాఫీ పట్టీలోనే వస్తుంది, పగటి పనివేళే అంటుకుంటుంది అంటే ఇది పనివల్ల వచ్చే జబ్బు. గనిలో బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చలి పీఠభూమి మనిషి తన చేనులోనే ఉండి ఉంటే ఆ ఈగ అతన్ని కుట్టేది కాదు. అప్పు పుస్తకం అతన్ని కిందికి దింపింది, ఈగ కుట్టింది, చూపు పోయింది. చూపు పోయినవాడిని ఏ తోట ఉంచుకుంటుంది?

మందు లేని ఆ కాలంలో ఉన్న ఒకే చికిత్స రోబ్లెస్ మొదట చేసినదే. గడ్డ కోసి తీయడం. 1930లలో గ్వాటెమాలా ప్రభుత్వ ఆరోగ్య దళాలు తోట తోటకు తిరిగి, కూలీల తలలు తడిమి, గడ్డ దొరికితే అక్కడే మత్తు సూది వేసి తీసేవి. పెద్ద పురుగు పోతే పిల్లలు పుట్టడం తగ్గుతుంది, తలమీద గడ్డ పోతే కన్ను కొంత నిలుస్తుంది. చేతికి దొరకని లోపలి గడ్డలు మిగిలిపోయేవి. అయినా ఈ కోతల వల్ల గుడ్డితనం తగ్గిందని తర్వాతివాళ్లు ఒప్పుకున్నారు. ఎన్నో దశాబ్దాలు ఈ పని సాగింది. అదే కాలంలో ఉబికో అనే మరో నియంత 1934లో పాత అప్పు కూలి రద్దు చేశానని గొప్పలు చెప్పి, తిరుగుబోతు చట్టం తెచ్చాడు. భూమి లేనివాడు, చాలనివాడు ఏడాదికి 100 నుంచి 150 రోజులు ఎక్కడో ఒకచోట కూలికి పోయినట్టు పుస్తకంలో చూపించాలి. పుస్తకం మారింది, తోట మారలేదు. ఆ ఉబికో గద్దెమీద ఉండగానే, 1939లో, రోబ్లెస్ చనిపోయాడు. ఆ చట్టం 1945లో గానీ పోలేదు.

ఆయన పోయాక మందుల కథ మొదలైంది. అందులో మన తెలుగువాడు ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్దగా ఉండగా 1947లో హెట్రజాన్ మందు బయటికి వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఏనుగు కాలు జబ్బుకు ఆస్పత్రిలో ఇచ్చే ఫైలేరియా మాత్ర అదే. ఏనుగు కాలు పురుగూ రోబ్లెస్ పురుగూ దాయాదులు కనుక దీన్ని కాఫీ కూలీలకు కూడా ఇచ్చి చూశారు. మాత్ర పురుగు పిల్లల్ని చంపింది. చంపిన తీరే ముప్పు తెచ్చింది. ఒంట్లో ఉన్నవన్నీ ఒక్కసారే చావడంతో భరించలేని దురద, జ్వరం, వాపు. కంట్లో ఉన్నవి చస్తే కళ్లు ఇంకా పాడయ్యాయి. 1948లో మెక్సికో డాక్టరు మజ్జోత్తి దీన్ని వివరంగా రాశాడు, ఆయన పేరే ఆ ప్రమాదానికి మిగిలింది. అందుచేత ఏనుగు కాలుకు మంచిదైన ఆ మాత్రను ఏటి గుడ్డితనానికి వాడకూడదని తేలింది. సుబ్బారావు గారు ఆ 1948లోనే కన్నుమూశారు.

ఇక్కడ మన పాఠకులకు ఒక మాట. ఏటి గుడ్డితనం మన దేశంలో లేదు, భయపడాల్సిన పని లేదు. కంట్లో పురుగు మాత్రం మన దగ్గరా కనపడుతుంది. కుక్కల ఒంట్లో ఉండే ఒక పురుగు దోమకాటుతో మనిషికి వచ్చి, కంటి తెల్లగుడ్డు మీది పొర కింద చేరి కదలడం కద్దు. కన్ను ఎర్రబడుతుంది, ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. కంటి డాక్టరు చుక్కల మందుతో మత్తు ఇచ్చి చిన్న కోతతో దాన్ని బయటికి లాగేస్తాడు. అంతటితో పోతుంది. ఇంతకన్నా చెడ్డది పంది బద్దెపురుగు పిల్ల. ఆ బద్దెపురుగు ఉన్న మనిషి దొడ్డికి పోయిన చోట నుంచి గుడ్లు నీళ్లకూ ఆకుకూరలకూ అంటి, కడుపులోకి పోయి, మెదడులోనూ కంటిలోనూ తిత్తి కడతాయి. పంది మాంసం ముట్టనివాళ్లకూ ఇది వస్తుంది. దీనికి మందుల షాపులో అడిగి పురుగుల మాత్రలు మింగడం చాలా తప్పు. కంటి లోపల తిత్తి ఉంటే అది చచ్చేటప్పుడు కన్ను తీసుకుపోతుంది. ముందు కన్ను చూపించాలి, అవసరమైతే ఆపరేషన్, మాత్రలు డాక్టరు చెప్పాకనే. కంట్లో పసర్లు పోయడం, నాలుకతో తీయించడం మా తిరుగుళ్లలో ఇంకా చూస్తున్నాం. వాటితో ఉన్న కన్ను కూడా పోతుంది.

రోబ్లెస్ జబ్బుకు అసలు మందు మట్టిలో దొరికింది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త సతోషి ఒమురా సముద్రం పక్క ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉంది. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందం దాని నుంచి ఐవర్‌మెక్టిన్ తయారు చేసింది. మొదట అది పశువుల మందు. మన రైతులు గొడ్లకూ గొర్రెలకూ పురుగులకని వేయించే సూది ఇదే. 1981లో మెర్క్‌లో పనిచేసే మహమ్మద్ అజీజ్ అనే బంగ్లాదేశ్ డాక్టరు సెనెగల్‌లో మనుషులమీద పరీక్షించాడు. ఇది పురుగు పిల్లల్ని హెట్రజాన్ మాదిరిగా కంట్లో రేగకుండా తగ్గిస్తుంది, పెద్ద పురుగును మాత్రం చంపదు. కనుక అది ముసలిదై చచ్చేదాకా ఏటా ఒకటి రెండుసార్లు మింగుతూ ఉండాలి. మందు ఉంది, కొనగలిగిన రోగి లేడు. 1987లో కంపెనీ అవసరమైనంత కాలం ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. పశువుల మార్కెట్లో ఆ మందు అప్పటికే బాగా గడించి పెట్టిందని చెప్పుకోవడం కూడా న్యాయమే. ఏ దారిన వచ్చినా కూలివాడి చేతికి అందింది, అది మేలే. ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. పురుగు లోపలే బతికే ఒక బాక్టీరియాను డాక్సీసైక్లిన్ బిళ్లలతో చంపితే పెద్ద పురుగు గొడ్రాలై క్రమంగా చస్తుందని కూడా తర్వాత తేలింది. ఆ బిళ్లలు నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వేయాలి కాబట్టి ఊరంతటికీ ఇవ్వడం కష్టం.

గ్వాటెమాలాలో ఈ మాత్రలు తోటలకు చేరేసరికి దేశం అంతర్యుద్ధంలో ఉంది. 1952లో భూసంస్కరణతో సుమారు లక్ష కుటుంబాలకు దక్కిన భూమిని 1954లో అమెరికా గూఢచారి సంస్థ నడిపిన కుట్ర తర్వాత వెనక్కు లాక్కున్నారు. 1960 నుంచి 1996 దాకా యుద్ధం నడిచింది. అందులో చచ్చినవాళ్లలో ఎక్కువమంది మాయా రైతులే. ఇంత నడుమా ఆరోగ్య కార్యకర్తలు కొండలెక్కారు. 1975 నుంచి 1983 దాకా జపాన్ డాక్టర్లు అక్కడివాళ్లతో కలిసి సాన్ విసెంతే పకాయా ప్రాంతంలో వాగులకు మందు వేసి ఈగల్ని అణిచారు. 1990ల నుంచి ఆరు దేశాలు కలిసి ఒక పథకం నడిపాయి. జబ్బున్న ప్రతి ఊళ్లో మందు తీసుకోదగిన నూరుమందిలో కనీసం 85 మంది ఏటా రెండుసార్లు మాత్ర మింగాలన్నది లెక్క. మింగించింది ఎవరయ్యా అంటే ఆ ఊళ్లవాళ్లే. పేర్లు రాసుకుని, ఇల్లిల్లూ తిరిగి, కోతకు పోయినవాడిని తోటలో వెతికి పట్టుకుని ఎదురుగా మింగించారు. తర్వాత మందు ఆపి, మూడేళ్లు ఈగల్నీ పిల్లల రక్తాన్నీ పరీక్షించారు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్వాటెమాలాలో ఈ జబ్బు పోయిందని ధ్రువపరిచింది. కొలంబియా 2013లో, ఎక్వడార్ 2014లో, మెక్సికో 2015లో అంతకుముందే బయటపడ్డాయి. రోబ్లెస్ ఆ పిల్లవాడి నుదుటి గడ్డ కోసి అప్పటికి 101 ఏళ్లు. గ్వాటెమాలా నగరంలో పేదల కంటి ఆస్పత్రి ఒకటి ఆయన పేరుమీద నడుస్తోంది. అమెరికా ఖండాల్లో ఇక మిగిలింది బ్రెజిల్, వెనెజులా సరిహద్దు అడవుల్లోని యనోమామి గిరిజనులు. వాళ్ల నేలమీద అక్రమ బంగారు గనులవాళ్లు చొరబడి ఉండటంతో మాత్రలు పట్టుకుపోయే కార్యకర్తలకు దారి కష్టంగా ఉంది. జబ్బున్నవాళ్లలో నూటికి 99 మందికి పైగా ఆఫ్రికాలో ఉన్నారు. అక్కడ మొదటగా నైజర్ దేశం 2025 జనవరిలో ఆ ధ్రువపత్రం అందుకుంది.